పాత క్యాంటీన్లో నూట పద్దెనిమిది మంది

జూలై 4

మేనకోడలికి,

నీ ఫొటో చూశాను. విశ్వవిద్యాలయ వార్తాపత్రిక నాలుగో పేజీలో, చేతులు కట్టుకుని, వెనక పాత క్యాంటీన్ గోడ. మీ అత్తయ్య రెండుసార్లు చదివింది. మొదటిసారి మురిసిపోతూ, రెండోసారి నా మొహం వంక చూస్తూ. శీర్షిక నువ్వూ చూసే ఉంటావు: ‘ఉపన్యాసానికి కాలం చెల్లింది - యువ అధ్యాపిక.’

ఫిబ్రవరిలో నా మెడ కోసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఐదు నెలలుగా ఇంట్లో పలక మీద రాసి మాట్లాడుతున్నాను. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా సుద్దముక్క వెతుక్కోవాలి. ముప్పై ఒక్క ఏళ్ళు రెండో నంబరు హాలులో మైకు లేకుండా చివరి బెంచీదాకా వినబడేలా పాఠం చెప్పినవాణ్ణి. పిల్లలు నాకు ‘ఉరుము మాస్టారు’ అని పేరు పెట్టుకున్నారు, అది నాకు తెలియదనుకునేవాళ్ళు. అలాంటివాడి గొంతు పోయిన ఏడాదే, అతని కోర్సు చేతికి రాగానే, ఉపన్యాసం పనికిరాదని పేపరుకెక్కి చాటావు. నీకు ఇంకో ఏడాది దొరకలేదా?

పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి కబుర్లు చెప్పుకోమంటావట. దాన్ని నవీన బోధన అంటారట. బస్టాండులో రోజూ జరిగేది అదే, అక్కడెవరూ జీతం తీసుకోరు.

ఆ మాట తప్పని వచ్చే సంచికలో వేయించు. వేయించేదాకా నాకు ఉత్తరం రాయక్కర్లేదు. ఫోన్లో ఆ చిన్న మీటలు నొక్కడం నావల్ల కాదని తెలుసుగా, అందులోనూ ఏమీ పంపకు.

మీ అమ్మ తమ్ముడు

*

జూలై 11

మావయ్యకి,

నీ ఉత్తరం అమ్మ ముందే విప్పాను, తప్పు నాదే. తమ్ముడి చేతిరాత చూసి పక్కన చేరింది. సగం చదివేసరికి మోకాలి నొప్పి మర్చిపోయి నిన్నూ నన్నూ కలిపి తిట్టింది.

నేను ఆ మాట అనలేదు. ‘మీరు ఉపన్యాసం ఎందుకివ్వరు?’ అని విలేకరి అడిగితే, ‘నాకు చేతకాదు, మా మావయ్యకి వచ్చు’ అన్నాను. రెండో ముక్క కోసేసి మొదటి ముక్కకి వాళ్ళకి తోచిన శీర్షిక తగిలించారు. సవరణ అడిగాను. చూస్తామన్నారు.

అసలు జరిగింది విను. మే నెలలో రెండో నంబరు హాలు కప్పు పెచ్చులూడి మూడు వరుసల మీద పడింది. సెలవులు కాబట్టి ఎవరూ లేరు. భవనం మూసేసి నాకు పాత క్యాంటీన్ ఇచ్చారు. రేకుల కప్పు, మధ్యలో నాలుగు లావుపాటి స్తంభాలు, ఎక్కడ నిలబడ్డా సగం మందికి కనబడను. నూట పద్దెనిమిది మంది. వాన పడితే నా గొంతు నాకే వినబడదు. మైకు అడిగితే, పెట్టడానికి ప్లగ్గే లేదన్నారు. మొదటి వారం అరిచాను. ఐదో రోజుకి బొంగురుపోయింది. ఆ రోజు వెనకవాళ్ళ నోటుపుస్తకాలు తీసి చూస్తే తారీఖు తప్ప ఏమీ లేదు.

ఆరో రోజు అరవడం మానేశాను. స్తంభాల చుట్టూ బల్లలు వేయించాను. ఒక దూలం బొమ్మ గీసి, మీద బరువు పెట్టి, ‘పగులు పైన మొదలవుతుందా, కిందా?’ అని రాసి నాలుగు స్తంభాలకీ అంటించాను. ముందు ఎవరికి వాళ్ళు ఆలోచించి ఎర్ర అట్టో పచ్చ అట్టో ఎత్తాలి. ఎర్రదంటే పైన, పచ్చదంటే కింద. తర్వాత పక్కవాళ్ళని ఒప్పించాలి. మళ్ళీ ఎత్తాలి. వాళ్ళు కొట్టుకుంటుంటే నేను బల్ల బల్లకీ తిరిగి వింటాను. వారానికొక ‘మంచి తప్పు’ ఏరి, అది ఎందుకు తప్పో చేసినవాళ్ళ చేతే రాయిస్తాను. పరీక్షైతే ముందు ఒంటరిగా రాస్తారు, తర్వాత అదే పేపరు జట్టుగా. ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు. ఎక్కడెక్కడో చదివింది ఆ స్తంభాలకి సరిపోయేలా కత్తిరించుకున్నాను.

నువ్వు కోపంలో ఉన్నావని ఇక్కడితో ఆపుదామనుకున్నాను. ఆగలేకపోతున్నాను. నీ క్లాసులో నేనూ కూర్చున్నాను మావయ్యా. మొదటి పరీక్షలో ముప్పై ఎనిమిది వస్తే అందరి ముందూ నిలబెట్టి చదివావు. ఎందుకు రాలేదని మాత్రం అడగలేదు. నువ్వు ఎవర్నీ ఏదీ అడగవు. నీకు వినబడేది నీ గొంతొక్కటే.

ఒంట్లో ఎలా ఉందో రాయి.

*

జూలై 18

ఎదురుప్రశ్నకి,

చిన్నప్పుడు నీకు ఆ పేరు పెట్టింది నేనే. ఇవాళ పశ్చాత్తాపపడుతున్నాను.

సంజాయిషీ అడిగితే పాఠం చెప్పావు. సరే, పాఠం గురించే మాట్లాడదాం. దూలం ఎక్కడ విరుగుతుందో చేతులెత్తించి తేలుస్తావా? నలుగురు మొద్దులు కలిసి ఐదోవాడిని ఒప్పిస్తే పగులుని ఆపే ఇనుము చోటు మారుతుందా? తెలియనివాళ్ళు తెలియనివాళ్ళతో వాదించుకుంటే పెరిగేది చప్పుడు. తెలిసినవాడు చెప్పాలి, తెలియనివాడు వినాలి. అందుకే వాళ్ళు అటూ, మనం ఇటూ నిలబడతాం. పరీక్ష జట్టుగా రాయిస్తావా? రేపు వంతెన కింద నుంచి పోయేవాడు జట్టుగా పోతాడా?

సూత్రం రాబట్టడం ఎన్ని వారాల్లో చేశావు? ఆ ముక్కే లేదు నీ ఉత్తరంలో. నేను మూడు గంటల్లో, ఒక్క మెట్టు వదలకుండా, బోర్డు ఈ చివర నుంచి ఆ చివరికి రాబట్టేవాణ్ణి. అది చూసి పిల్లలు బల్లలు చరిచిన రోజులున్నాయి.

ముప్పై ఎనిమిది సంగతి. నువ్వు నా అక్క కూతురివని క్లాసంతటికీ తెలుసు. నీ మార్కులు దాస్తే ‘మేనమామ కాపాడాడు’ అనేవారు. నీ పరువు నిలబెట్టడానికి చదివాను. పదిహేనేళ్ళుగా దాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావని ఇప్పుడే తెలిసింది.

నూట పద్దెనిమిది మంది చదువు నీ ప్రయోగానికి బలి కాకూడదు. నేను చెయ్యాల్సింది చేస్తాను. ఒంట్లో బాగానే ఉంది.

*

ఆగస్టు 6

మావయ్య గారికి,

మీరు చెయ్యాల్సింది చేశారు. అందింది.

పోయిన వారం విభాగాధిపతి పిలిచారు. బల్ల మీద రెండు ఫిర్యాదులు, ‘మేడమ్ పాఠం చెప్పదు, మా పిల్లల చేతే చెప్పించుకుంటుంది’ అని ఇద్దరు తల్లిదండ్రులు రాసినవి. వాటి మీద మీ ఉత్తరం. ఆ గుండ్రటి అక్షరాలు నాకు అ ఆలు నేర్పినవి, అడ్డంగా చూసినా గుర్తుపడతాను. ఒక వాక్యం ఆయన పైకి చదివారు. ‘ఈమెకు పాఠం చెప్పడం రాదు, తన చేతకానితనానికి కొత్త పేరు పెట్టుకుంది.’ చదివి, ‘సొంత మేనమామే ఇలా అంటే మేమేం చెయ్యగలం అమ్మా’ అన్నారు, సానుభూతిగా.

విచారణ తేలేదాకా తరగతి నుంచి తప్పించారు. రెండు వందల కిలోమీటర్ల అవతల అనుబంధ కేంద్రంలో గ్రంథాలయం పని అప్పజెప్పారు. ఇక్కడ నా పని చెదపట్టిన పుస్తకాలు ఒకపక్కా, పట్టనివి ఒకపక్కా పెట్టడం. కిటికీలోంచి సైకిళ్ళ షెడ్డు కనిపిస్తుంది. చిరునామా వెనక రాశాను.

ఆ తల్లిదండ్రుల్ని కూడా మీరే వెతికి పట్టుకున్నారా, లేక వాళ్ళు మీకు కలిసొచ్చారా?

మీ శిష్యురాలు

*

ఆగస్టు 11

మేనకోడలికి,

ఉన్నట్టుండి ‘గారు’ తగిలించి ‘మీరు’ అన్నావు. సరే.

ఆ ఉత్తరం నేనే రాశాను. నీళ్ళు నమలను. ఆ వాక్యం నాదే, రాసిన రోజు నమ్మే రాశాను. ఆ తల్లిదండ్రులెవరో నాకు తెలియదు. కానీ ఆయన నీకు చదివి వినిపించనిది ఇంకొకటి ఉంది. చివర, అనుభవం ఉన్న ఎవర్నైనా నెల రోజులు ఆమె క్లాసులో కూర్చోబెట్టి దారిలో పెట్టండి అని అడిగాను. తప్పించమనలేదు. నా ఉత్తరాన్ని ఆయన తనకి కావలసినట్టు వాడుకున్నాడు. వాడుకునేలా రాసింది మాత్రం నేనే, అదీ ఒప్పుకుంటున్నాను.

ఇంకో సంగతి. ఇది ఎవరో చెప్తే వినడం కన్నా నేను చెప్పడం మేలు. మధ్యలో ఇంకెవరూ దొరకరట, ఆ కోర్సు నన్ను తీసుకోమన్నారు. గొంతు లేదు కదా అని రాశాను. ‘బోర్డు ఉంది కదా’ అని జవాబు. ఒప్పుకున్నాను. సోమవారం నుంచి వెళ్తున్నాను, క్యాంపస్ అతిథి గదిలో ఉంటాను. నీ మీద గెలవడానికని అనుకుంటావు, అనుకో. ఆ పిల్లలకి నవంబరులో పరీక్ష.

నీ పాఠాలు ఎక్కడిదాకా వచ్చాయో ఒక ముక్క రాయి.

*

ఆగస్టు 14

మావయ్యా,

రాయను. ఒక్క ముక్క రాయను.

నాకు ఇప్పుడు అర్థమైంది. ఫిర్యాదు పెట్టావు, కుర్చీ ఖాళీ చేయించావు, వెళ్ళి కూర్చున్నావు. అమ్మకి ఫోన్లో చెప్తే ‘వాడు అలాంటివాడు కాదే’ అంది. నీ అక్క కదా, అంటుంది. నేను ఆవిడ కూతుర్ని, నేను ఏమైపోయినా పర్లేదా అనడిగితే ఫోన్ పెట్టేసింది. నిన్నటి నుంచి ఆవిడా నాతో మాట్లాడటం లేదు. ఇంట్లో మిగిలిన ఒక్క మనిషితో కూడా తెంపావు.

వెళ్ళు. పలక పట్టుకుని వెళ్ళు. ఆ రేకుల కింద ఉరుము.

రెండు మాటలు మాత్రం, అవి కూడా నీ కోసం రాయడం లేదు. ఒకటి, మూడో స్తంభం దగ్గర ఒక పిల్ల ఉంటుంది, జడకి నీలం రబ్బరు. నత్తి. నోరు తెరిపించడానికి జూన్ నుంచి తంటాలు పడుతున్నాను, ఇప్పుడిప్పుడే పక్క పిల్లతో గుసగుసగా వాదిస్తోంది. దాన్ని నిలబెట్టి ప్రశ్న అడిగావంటే రేపటి నుంచి రాదు. దాని జోలికి వెళ్ళకు. రెండు, వంటగది పక్కనున్న ఇనప బీరువా నాది. ముట్టుకోకు.

*

ఆగస్టు 28

మేనకోడలికి,

ముట్టుకున్నాను. తిట్టడం మొదలుపెట్టే ముందు ఎందుకో చదువు.

మొదటి మూడు రోజులు బోర్డు నింపాను. ఒక్క మెట్టు వదలకుండా సూత్రం రాబట్టాను, మాట లేకుండా. వెనక్కి తిరిగి చూస్తే స్తంభాల అవతల వాళ్ళు నిలబడి మెడలు సాగదీసి నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు. అర్థమైందా అని రాశాను. అందరూ తలూపారు. నాకు ఆ తలూపు కొత్త కాదు, ముప్పై ఒక్క ఏళ్ళుగా దాన్నే నమ్ముకున్నాను. నాలుగో రోజు మెడకి ఆనించుకుంటే మాట పలికించే యంత్రం ఉందిగా, ఆసుపత్రివాళ్ళు ఇచ్చింది, అది పట్టుకెళ్ళాను. ‘దూలం’ అన్నాను. అది మిక్సీ తిరిగినట్టు పలికింది. ముందు వరుసలో ఒకడు నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగాడు. తర్వాత క్యాంటీన్ అంతా నవ్వింది. బయటికొచ్చి చేతులు కడిగే తొట్టి దగ్గర గంట సేపు నిలబడ్డాను. మర్నాడు నలభై మందే వచ్చారు.

అందుకు తెరిచాను. తాళం నీ అలవాటు ప్రకారం బీరువా మీదే పెట్టి వెళ్ళావు.

లోపల నువ్వు ప్రశ్నలు రాసి పెట్టుకున్న అట్టలున్నాయి, వాటిలో మొదటిది తీసి అంటించాను. గోడలోంచి బాల్కనీలా బయటికి పొడుచుకొచ్చిన కాంక్రీటు పలక, దాని చివర మనిషి నిలబడితే పగులు పైనా, కిందా. నీ పద్ధతిని నలుగురి ముందూ నవ్వులపాలు చెయ్యాలనే పెట్టాను, దాచను. వారం కిందట నేను బోర్డు మీద రాబట్టిందే అది. ఎత్తారు. నలభై మందిలో ముప్పై ఒక్క పచ్చ అట్టలు. కింద అట. నిజానికి పగిలేది పైన.

బోర్డు ఇంకా తుడవలేదు. జవాబు దాని మీదే ఉంది.

అట్టలు ఉండి ఉంటే నా క్లాసుల్లో ఎన్ని పచ్చవి లేచేవి? ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఎప్పటికీ తెలియదు. నీకు గుర్తుందో లేదో, నీకు మూడేళ్ళ ముందు బ్యాచ్‌లో మొదటి ర్యాంకు అతను, నేను ఇంటికి పిలిచి భోజనం పెట్టిన ఒకే ఒక్క విద్యార్థి. తొమ్మిదేళ్ళ కింద అతను కట్టించిన మొదటి ఇంటి బాల్కనీ, కింద పెట్టిన ఊతలు తీసిన రోజే కూలింది. మేస్త్రీ కాలు నుజ్జయింది. అతను మా గుమ్మంలోకి వచ్చి నిలబడితే, ‘నా పాఠం విని కూడా పైన వెయ్యాల్సిన ఇనుము కింద వేస్తావా?’ అని అరిచి తలుపేశాను. వృత్తి మానేసి టైల్స్ కొట్టు పెట్టుకున్నాడని విన్నాను. ఆ ముప్పై ఒక్క పచ్చ అట్టలు చూసినప్పుడు అతను గుర్తొచ్చాడు. అతనూ తలూపినవాడే.

ఇది నీ గెలుపు అనుకోకు. నీ అట్టల్లో మూడోది తప్పు. దూలం పొడవే వెయ్యలేదు. ఆ మాత్రం చూసుకోనివాళ్ళు ప్రశ్నలు తయారు చెయ్యకూడదు. నేను సరిచేసి పెట్టాను.

*

సెప్టెంబరు 4

మావయ్యా,

మూడోది తప్పు కాదు. పొడవు కావాలనే వెయ్యలేదు. ‘పొడవు ఇవ్వకుండా ఎలా చెప్తాం?’ అని వాళ్ళంతట వాళ్ళు నన్ను నిలదీయాలి, అదే ఆ అట్ట పని. సగం సమాచారంతో లెక్క మొదలెట్టకూడదని నేర్పడానికి నాకు దొరికిన ఒకే ఒక్క దారి. దాన్ని నువ్వు సరిచేశావు. ఇరవై రోజులు ఆలోచించి చేసుకున్న దాన్ని ఒక్క గీతతో పాడుచేసి, పైగా నాకు చివాట్లు.

అడగొచ్చు కదా? ‘ఇది ఎందుకిలా ఉంది?’ అని కార్డు ముక్క రాస్తే పోయేదేముంది? అడగవు.

ఇంకా ఘోరం ఇంకొకటి విన్నాను. అక్కడి పిల్లలు ఇద్దరు నాకు రాశారు. నేను జోలికి వెళ్ళొద్దన్న పిల్లని నువ్వు రోజూ ముందుకి పిలిచి నీ పక్కన నిలబెట్టుకుంటున్నావట. నీ మాటలు చదివి వినిపించడానికి నీకు నత్తి ఉన్న పిల్లే దొరికిందా? వినోదమా? నీ క్లాసులో నన్ను నిలబెట్టిన రోజు ఎలా ఉందో నాకు తెలుసు. కాళ్ళ కింద గచ్చు చల్లగా ఉందని కూడా గుర్తుంది. ఆ పిల్లకి ఏదైనా అయితే, విచారణ సంఘం దగ్గర నీ గురించి నేను రాస్తాను. నాకూ ఉత్తరాలు రాయడం వచ్చు.

*

సెప్టెంబరు 13

మేనకోడలికి,

మూడో అట్ట విషయంలో తప్పు నాది. పాతది మళ్ళీ రాసి పెట్టాను. పొడవు అడిగారు, నువ్వన్నట్టే, అదీ కాస్త పెంకెగా.

ఆ పిల్ల సంగతి నువ్వు విన్నది తప్పు. నేను పిలవలేదు. నేను పలక మీద ప్రశ్న రాసి స్తంభం స్తంభానికీ చూపిస్తూ తిరుగుతుంటే, మూడో స్తంభం దగ్గర తను జవాబు నోటితో చెప్పకుండా నా పలకే లాక్కుని దాని మీద రాసింది. మర్నాడు తన పలక తనే తెచ్చుకుంది. వారం తిరిగేసరికి ఆ స్తంభం వాళ్ళందరూ రాసే వాదించుకుంటున్నారు. వాన పడ్డ రోజు మిగతా మూడు గుంపులు నోరు మూసుకుని కూర్చుంటే వాళ్ళొక్కరే పని చేశారు. అది చూసి మిగతావాళ్ళూ పలకలు తెచ్చుకున్నారు. నా పక్కన నిలబడేది బోర్డు మీద నా తప్పులు దిద్దడానికి. సోమవారం గుర్తు ఒకటి తప్పు వేశాను. క్లాసంతా ఎక్కించుకుంటోంది. వెనక నుంచి ‘త... తప్పు సార్’ అని వినబడింది. నూట పద్నాలుగు మంది తిరిగి చూశారు. అవును, వాళ్ళు మళ్ళీ వస్తున్నారు.

ఇప్పుడు రాసేది నీతో కాకపోతే ఇంకెవరితోనూ చెప్పుకోలేను. గురువారం బాల్కనీ గురించి అడిగాను. బొమ్మలో ఇనుప చువ్వలు పైన ఉన్నా, కట్టాక కిందికి ఎలా వస్తాయి? నాకు తెలిసిన జవాబు ఒక్కటే, ఇంజనీరు మొద్దుతనం. ఆ పిల్ల పలక పక్కన పెట్టేసింది. సెలవుల్లో వాళ్ళమ్మతో కాంక్రీటు మోయడానికి వెళ్ళేదట. ‘పై చువ్వల మీద న... నడిచేది మేమే సార్. తట్టలతో. మా బరువుకి అవి కిందికి వంగిపోతాయి. ఎవరూ ఏమీ అనరు’ అంది.

శనివారం టైల్స్ కొట్టుకి వెళ్ళాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, జుట్టు సగం నెరిసింది. పలక మీద రాశాను: ‘ఆ బాల్కనీ బొమ్మలో ఇనుము ఎక్కడ గీశావు?’

‘పైనే సార్,’ అన్నాడు. ‘ఆ రోజు అది చెబుదామనే వచ్చాను. బొమ్మ కూడా తెచ్చాను. మీరు చెప్పనివ్వలేదు.’

పలక మీద రాసింది తుడిచాను. టీ తెప్పించాడు, తాగకుండా వచ్చేశాను.

విచారణ సంఘానికి నిన్న తొమ్మిది పేజీలు ఇచ్చాను. ఆ వాక్యం వెనక్కి తీసుకున్నాను. ఆరు పేజీలు మాత్రం నీ పద్ధతిలో లోపాలు. నువ్వు వాళ్ళకి ఊహించడం నేర్పావు, రాబట్టడం నేర్పలేదు. పైనా కిందా చెప్పేస్తారు, ఎంత అని అడిగితే గోళ్ళు గిల్లుకుంటారు. అది నిజం, నీ కోసం అబద్ధం రాయలేను.

*

సెప్టెంబరు 22

మావయ్యా,

తిరిగి తీసుకున్నారు. మొన్న సోమవారం నుంచి క్యాంటీన్లోనే ఉన్నాను. నువ్వు ఆదివారమే గది ఖాళీ చేసి వెళ్ళిపోయావట. మొహం చూపించలేక వెళ్ళావో, చూడలేక వెళ్ళావో నాకు తెలియదు.

నీ తొమ్మిది పేజీలు చదవనిచ్చారు. లోపాలవి ఆరు పేజీలు. నాలుగు శుద్ధ చాదస్తం. రెండు నిజం. నేను థాంక్స్ చెప్పను. నీ మొదటి వాక్యం వల్ల నా సర్వీసు రిజిస్టరులో ‘బోధనపై ఫిర్యాదు, విచారణ, హెచ్చరిక’ అని ఎక్కింది. తొమ్మిది పేజీలు దాన్ని చెరపలేదు. పదేళ్ళ తర్వాత ఎవరో ఆ పేజీ తిప్పి నన్ను పైకి రానివ్వకపోతే, అందులో నీ మంచి పేజీలు ఉండవు. అది నీ టైల్స్ కొట్టతనికి అర్థమవుతుంది.

ఇంకో షరతు కూడా పెట్టారు. గంటలో సగం ఉపన్యాసం ఉండాలట. నిన్న మొదలుపెట్టాను. సూత్రం రాబట్టబోయాను. నాలుగో పంక్తి దగ్గర ఎర్ర అట్టలు లేచాయి, అర్థం కాలేదని. మళ్ళీ చెప్పాను. మళ్ళీ లేచాయి. మూడోసారి నాకే ఆ మెట్టు ఎందుకో తెలియలేదని తేలింది. నేను కూడా నీ క్లాసులో తలూపిన దాన్నే కదా. నీలం రబ్బరు పిల్ల పలక ఎత్తింది: ‘ఉరుము సార్‌కి తెలుసు. సార్ ఎప్పుడొస్తారు?’ రెండు నెలలు నేను పెంచిన పిల్ల, నెల రోజుల్లో నీ మనిషైంది. ఒళ్ళు మండింది. ఇంకా మండుతోంది.

గురువారం పదింటికి క్లాసు. వచ్చి రాబట్టు. నువ్వు రాస్తుంటే పక్కన నేను మాట్లాడతాను, పిల్లలకి తెలియని చోటల్లా నిన్ను ఆపుతాను. అందరి ముందూ ఆపుతాను. నీకు నచ్చదు. ఇది రాజీ అనుకుని అమ్మకి చెప్పకు.

*

సెప్టెంబరు 25

మేనకోడలికి,

ఆ హెచ్చరిక సంగతి నేను ఊరు వదలకముందే తెలిసింది. కొట్టేయమని విశ్వవిద్యాలయానికి రెండుసార్లు రాశాను, ఒకసారి వెళ్ళి కూర్చున్నాను. రిజిస్టరులో ఎక్కింది చెరపరట. నేను పెట్టిన మచ్చ నేనే తీయలేకపోయాను. క్షమించమని అడగను. అడిగితే నువ్వు ఏదో ఒకటి అనాల్సి వస్తుంది, ఆ ఇబ్బంది నీకెందుకు.

ఆదివారం వెళ్ళిపోయింది చూపించలేకే.

నాలుగో పంక్తి గురించి రెండు రోజులు కూర్చుని ఆలోచించాను. అక్కడ నేను ఎప్పుడూ గొంతు పెంచి, ‘అందుచేత’ అని గట్టిగా అనేవాణ్ణి. గొంతుతో దాటేశాను. ఎందుకు అందుచేతో కాగితం మీద పెట్టి చూస్తే, నాకూ ఒక మెట్టు తక్కువే ఉంది. దొరికిందనే అనుకుంటున్నాను. గురువారం వాళ్ళే చెప్పాలి.

ఆ రోజు ఎనిమిదింటి బస్సుకి బయల్దేరతాను. ఎక్కడ తోస్తే అక్కడ ఆపు. ఆపాక నన్ను తొందరపెట్టకు, నేను రాయడానికి టైము పడుతుంది.